వైఫై పాస్‌వర్డ్ మరిచిపోతే ముందు ఎక్కడ చూడాలి, రీసెట్ ఎప్పుడు నొక్కాలి

పైడితల్లి అమ్మవారి సిరిమాను ఉత్సవానికి ముందు రోజు, తొలేళ్ల సాయంత్రం. విజయనగరంలో ఇల్లున్నవాళ్లకి ఆ రెండు రోజులూ ఇల్లు చుట్టాలదే. గజపతినగరం అవతలి ఊరి నుంచి మేనత్త, మావయ్య, పార్వతీపురం నుంచి పిన్నివాళ్లు, అందరి పిల్లలూ కలిసి మా ఇంట్లో పద్నాలుగు మంది తేలారు. చెప్పులు విప్పగానే పిల్లలందరిదీ ఒకటే ప్రశ్న, "వైఫై పాస్‌వర్డ్ ఏంటి?" నేను మూడు లాంతర్ల కూడలి వైపు పూలకీ పళ్లకీ వెళ్లి జనంలో ఇరుక్కున్నాను. మా ఆవిడకి పాస్‌వర్డ్ గుర్తు లేదు. నాకు చేస్తే ఫోన్ కలవలేదు. మావయ్య రిటైరైన లెక్కల మాస్టారు, పిల్లలు అడిగితే కాదనలేరు. రౌటర్ వెనక చిన్న కన్నం, దాని పక్కన రీసెట్ అని రాసి ఉంది. అత్త గాజుకి తగిలించుకున్న పిన్నీసు తీసుకుని అందులో గుచ్చి, లైట్లన్నీ ఒకసారి ఆరి వెలిగేదాకా నొక్కి పట్టుకున్నారు.

నేను వచ్చేసరికి మా వైఫై పేరే మాయమైంది. దాని బదులు కంపెనీ పేరు, నాలుగు అంకెలతో కొత్త పేరొకటి కనిపిస్తోంది. దానికి కనెక్ట్ అయినా నెట్ రావట్లేదు. నెట్ ఇచ్చే ఆపరేటర్‌కి ఫోన్ చేస్తే, "పండగ కదండీ, కుర్రాళ్లంతా ఉత్సవంలో ఉన్నారు, బుధవారం పంపిస్తాను" అన్నాడు. "ఏటి బావు, పెట్టె మీద ఉన్న బొత్తామే కదా నొక్కాను" అని మావయ్య చిన్నబుచ్చుకుని అరుగు మీద కూర్చుండిపోయారు. ఆయన తప్పేం లేదు. ఆ పాస్‌వర్డ్ అప్పటికి మా ఆవిడ చేతిలో ఉన్న ఫోన్‌లోనే ఉంది. అది ఎలా చూడాలో ఇంట్లో ఎవరికీ నేను చెప్పి ఉంచలేదు. ఇంకో ఇంట్లో ఇలా జరగకూడదని ఇది రాస్తున్నాను.

అసలు మీరు మరిచిపోయింది ఏ పాస్‌వర్డో ముందు తేల్చుకోండి. ఇంట్లో నెట్‌కి సంబంధించి మూడు రకాల పాస్‌వర్డ్‌లుంటాయి, జనం మూడింటినీ ఒకటే అనుకుంటారు. ఫోన్, టీవీ కనెక్ట్ చేసేటప్పుడు కొట్టేది వైఫై పాస్‌వర్డ్. రౌటర్ సెట్టింగ్స్ పేజీలోకి వెళ్లడానికి కావాల్సింది అడ్మిన్ పాస్‌వర్డ్. మూడోది ఆపరేటర్ మీ పేరున ఇచ్చిన లాగిన్ ఐడీ, దాని పాస్‌వర్డ్. నెట్ కుర్రాళ్లు దాన్ని పీపీపీఓఈ అంటారు. మొదటిది పోతే ఇంట్లోనే దొరుకుతుంది. రెండోది పోతే కొంచెం కష్టం. మూడోది పోతే ఆపరేటర్ చెప్పాల్సిందే. రీసెట్ నొక్కితే ఒక్కోసారి మూడూ ఒకేసారి పోతాయి. మా ఇంట్లో జరిగింది అదే.

మరిచిపోయింది వైఫై పాస్‌వర్డ్ మాత్రమే అయితే, ఇంతకుముందే కనెక్ట్ అయి ఉన్న ఫోన్ ఇంట్లో ఏది ఉందో వెతకండి. నా దృష్టిలో దీన్ని మించిన దారి లేదు. ఆండ్రాయిడ్ 10 గానీ అంతకన్నా కొత్తది గానీ అయితే సెట్టింగ్స్‌లో వైఫైలోకి వెళ్లి, కనెక్ట్ అయిన పేరు మీద నొక్కితే షేర్ అనే గుర్తు కనిపిస్తుంది. వేలిముద్రో పిన్నో అడుగుతుంది, ఇస్తే క్యూఆర్ కోడ్ వస్తుంది. చాలా ఫోన్లలో ఆ కోడ్ కిందే పాస్‌వర్డ్ అక్షరాలు కూడా ఉంటాయి. చుట్టాల ఫోన్‌తో ఆ కోడ్ స్కాన్ చేస్తే చాలు, అక్షరాలు చెప్పే పని కూడా లేదు.

కొన్ని ఫోన్లలో కోడ్ ఒక్కటే వస్తుంది, అక్షరాలు రావు. అప్పుడు దాన్ని స్క్రీన్‌షాట్ తీసి గూగుల్ లెన్స్‌తోనో, ఫోన్‌లో ఉన్న ఏదైనా క్యూఆర్ స్కానర్‌తోనో తెరవండి. నెట్‌వర్క్‌లో కలవాలా అని అడిగితే వద్దని, లోపలి రాతను చూపించమనండి. ఇంగ్లీషు అక్షరాల్లో ఒక పొడుగాటి వాక్యం వస్తుంది. అందులో 'ఎస్' అక్షరం, రెండు చుక్కల తర్వాత ఉన్నది వైఫై పేరు. 'పి' అక్షరం, రెండు చుక్కల తర్వాత ఉన్నది పాస్‌వర్డ్, సెమీకోలన్ వచ్చేదాకా. ఆ సెమీకోలన్ పాస్‌వర్డ్‌లోది కాదు. చూశాక ఆ స్క్రీన్‌షాట్ డిలీట్ చేసేయండి.

ఐఫోన్ ఉంటే ఇంకా తేలిక. 2022లో వచ్చిన ఐఓఎస్ 16 నుంచి సెట్టింగ్స్, వైఫై, పేరు పక్కన ఉన్న 'ఐ' గుర్తు నొక్కితే పాస్‌వర్డ్ అనే వరసలో చుక్కలుంటాయి. వాటి మీద నొక్కి ముఖమో పాస్‌కోడో చూపిస్తే అక్షరాలు కనిపిస్తాయి. అంతేకాదు, వైఫై పేజీలో పైన ఉన్న ఎడిట్ నొక్కితే ఆ ఫోన్ ఇదివరకు కలిసిన నెట్‌వర్క్‌లన్నీ జాబితాగా వస్తాయి. అంటే రౌటర్ ఆగిపోయి ఉన్నా, రీసెట్ అయిపోయి ఉన్నా పాత పాస్‌వర్డ్ చూసుకోవచ్చు. ఆ రాత్రి పిన్ని కొడుకు ఐఫోన్‌లో ఇలా వెతికితే మా పాత పాస్‌వర్డ్ దొరికింది. వాడు అంతకుముందు సంక్రాంతికి మా ఇంటికి వచ్చి వెళ్లినవాడే.

ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లు విండోస్‌లో కూడా చూడొచ్చు. కంట్రోల్ ప్యానెల్, నెట్‌వర్క్ అండ్ షేరింగ్ సెంటర్, అక్కడ మీ వైఫై పేరు, వైర్‌లెస్ ప్రాపర్టీస్, సెక్యూరిటీ. అందులో 'షో క్యారెక్టర్స్' దగ్గర టిక్ పెడితే పాస్‌వర్డ్ కనబడుతుంది. ఆండ్రాయిడ్ 9, అంతకన్నా పాత ఫోన్లు మాత్రమే ఉన్న ఇంట్లో ల్యాప్‌టాపే దిక్కు, ఎందుకంటే ఆ ఫోన్లు చాలావరకు పాస్‌వర్డ్ దాచుకుంటాయి గానీ మనకి చూపించవు. చూపిస్తామని చెప్పే యాప్‌ల జోలికి వెళ్లకండి. కొన్ని యాప్‌లు మీ పాస్‌వర్డ్ చూపించకపోగా దాన్నే తీసుకెళ్లి ఊరందరితో పంచుకుంటాయి. పక్కింటి వైఫై పాస్‌వర్డ్ చెబుతామనే యాప్‌లు ఇంకా ప్రమాదం. ఒప్పుకోకుండా ఒకరి నెట్‌లోకి దురుద్దేశంతో దూరితే 2000 నాటి ఐటీ చట్టం 43, 66 సెక్షన్ల కింద మూడేళ్ల దాకా జైలు, ఐదు లక్షల దాకా జరిమానా పడొచ్చు. చదువుకునే పిల్లలు సరదాకి ప్రయత్నిస్తుంటారు, ఇంట్లో పెద్దవాళ్లు ఓసారి చెప్పాలి.

ఇంట్లో ఏ పరికరమూ కనెక్ట్ అయి లేకపోతే రౌటర్ అడుగున ఉన్న స్టిక్కర్ చూడండి. ఇది పనికొచ్చేది ఎప్పుడంటే, బిగించినప్పటి నుంచీ ఎవరూ పాస్‌వర్డ్ మార్చకపోతే. మార్చి ఉంటే స్టిక్కర్ మీద ఉన్నది చెల్లదు. మళ్లీ రీసెట్ అయ్యాక మాత్రం అదే చెల్లుతుంది. మన ఇళ్లలో పెట్టెని గుమ్మం పైన మేకులకి తగిలిస్తారు, స్టిక్కర్ గోడ వైపు ఉంటుంది. దాన్ని దింపేటప్పుడు చాలా జాగ్రత్త. సన్నగా, పసుపుపచ్చగానో తెల్లగానో ఉండే ఫైబర్ వైరు దారంలాంటిది, మడత పడితే లోపల గాజు విరుగుతుంది. ఆ రాత్రి మేం పెట్టెని దింపకుండా, స్టూలెక్కి ఫోన్‌ని గోడకీ పెట్టెకీ మధ్య సందులోకి దూర్చి ఫ్లాష్ వేసి ఫోటో తీశాం. వంటింటి పొగ, దుమ్ము పట్టి ఉంది. తడిగుడ్డతో కాకుండా పొడిగుడ్డతో తుడిచి మళ్లీ తీశాం. పెద్దది చేసి చూస్తే సున్నానో 'ఓ'నో, ఒకటో చిన్న 'ఎల్'లో తెలియలేదు. మావయ్య కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, అదే స్టిక్కర్ మీద సీరియల్ నంబర్‌లో ఉన్న సున్నా ఎలా ఉందో చూసి, దానితో పోల్చి చెప్పారు. సున్నా కాస్త సన్నంగా, 'ఓ' గుండ్రంగా ఉంది. మూడో ప్రయత్నానికి కలిసింది.

పాస్‌వర్డ్ తెలుసుకోవడం వేరు, మార్చడం వేరు. వచ్చిపోయేవాళ్లందరికీ తెలిసిపోయింది, అద్దెకున్నవాళ్లు ఖాళీ చేసి వెళ్లారు, నెట్ స్లో అయ్యింది, అందుకని మార్చాలనుకునేవాళ్లు చాలామంది నేరుగా రీసెట్ దగ్గరికి వెళ్తారు. అక్కర్లేదు. జియో ఫైబర్ అయితే మైజియో యాప్‌లోనూ, ఎయిర్‌టెల్ అయితే ఎయిర్‌టెల్ థాంక్స్ యాప్‌లోనూ వైఫై పేరు, పాస్‌వర్డ్ మార్చుకునే వీలుంది. కనెక్షన్ ఏ నంబరు మీద ఉందో ఆ నంబరుతో లాగిన్ అవ్వాలి. ఊళ్లో అమ్మానాన్నలు ఉండి, పిల్లలు హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉన్న ఇళ్లకి ఇదే సరైన దారి. ఓటీపీ ఒక్కటి ఫోన్‌లో చెప్పించుకుంటే అక్కడి నుంచే మార్చేయొచ్చు. ఆ ఓటీపీ కన్నబిడ్డకి తప్ప కస్టమర్ కేర్ అని ఫోన్ చేసినవాడికి చెప్పకూడదని మాత్రం ఇంట్లోవాళ్లకి గట్టిగా చెప్పండి.

యాప్ లేనివాళ్లకి రౌటర్ సెట్టింగ్స్ పేజీ ఉంది. వైఫైకి కనెక్ట్ అయి ఉండి బ్రౌజర్‌లో 192.168.1.1 లేదా 192.168.0.1 అని కొట్టాలి. జియో పెట్టెలకి 192.168.29.1. ఏదీ తెరుచుకోకపోతే ఫోన్‌లో ఆ వైఫై వివరాల్లో ఆండ్రాయిడ్‌లో గేట్‌వే అని, ఐఫోన్‌లో రౌటర్ అని ఉన్న అంకెలు కొట్టండి. అడ్మిన్ పాస్‌వర్డ్ కూడా ఎప్పుడూ మార్చకపోతే స్టిక్కర్ మీదే ఉంటుంది. పాత రౌటర్లలో యూజర్ పేరు, పాస్‌వర్డ్ రెండూ 'అడ్మిన్' అనే ఉండేవి. మీది ఇంకా అలాగే ఉంటే ఈరోజే మార్చండి, మీ వైఫైలో కలిసిన ఎవరైనా ఆ పేజీ తెరవగలరు.

యాప్‌లో మారదు, అడ్మిన్ పాస్‌వర్డ్ తెలియదు, కనెక్ట్ అయిన పరికరం ఒక్కటీ లేదు. రీసెట్ గురించి అప్పుడు ఆలోచించాలి. అప్పుడు కూడా మీ ఇంట్లో ఉన్న ఏర్పాటు ఎలాంటిదో చూసుకుని నొక్కాలి.

జియో, ఎయిర్‌టెల్ లాంటి పెద్ద కంపెనీ ఇచ్చిన ఒకే పెట్టె ఉంటే, ఆ కంపెనీలు సెట్టింగ్స్‌ని తమ సర్వర్ నుంచి పెట్టెలోకి పంపే ఏర్పాటు చేసుకుంటాయి. రీసెట్ చేసినా కాసేపటికి నెట్ దానంతటదే వచ్చే అవకాశం ఎక్కువ. అయినా ముందు యాప్‌లో చూసి, కస్టమర్ కేర్‌కి ఒక మాట చెప్పి నొక్కడమే మేలు.

లోకల్ కేబుల్ ఆపరేటర్ ద్వారా తీసుకున్న కనెక్షన్ల సంగతి వేరు. మన జిల్లాల్లో ఊళ్లలో చాలా కనెక్షన్లు ఇవే. ఏపీ ఫైబర్‌నెట్ కేబుల్ ఆపరేటర్ల ద్వారానే ఇంటికి వస్తుంది, బీఎస్‌ఎన్‌ఎల్ ఫైబర్ కూడా చాలాచోట్ల స్థానిక భాగస్వాముల చేతుల మీదుగానే నడుస్తుంది. ఇలాంటి చోట్ల లాగిన్ ఐడీ, వీలాన్ నంబరు (ఆపరేటర్ తన లైనుకి పెట్టుకునే గుర్తింపు అంకె) కుర్రాడు ఇంటికొచ్చి చేత్తో కొట్టి వెళ్లి ఉండొచ్చు. రీసెట్ చేస్తే అవి చెరిగిపోతాయి. వైఫై వస్తుంది, నెట్ రాదు. మళ్లీ ఆ కుర్రాడు రావాలి. ఆపరేటర్ పెట్టె ఒక్కటే ఉన్న ఇంట్లో నా సలహా సూటిగా చెబుతాను: కన్నంలో పిన్ను పెట్టకండి, ఫోన్ చేయండి. పాస్‌వర్డ్ మార్చమంటే కొందరు ఆఫీసులో కూర్చునే మార్చిస్తారు.

ఆపరేటర్ పెట్టెతో పాటు మీరు కొనుక్కున్న రౌటర్ విడిగా ఉంటే ఒక్క ప్రశ్న అడిగి తెలుసుకోండి, "లాగిన్ ఐడీ మీ పెట్టెలో పెట్టారా, మా రౌటర్‌లో పెట్టారా?" వాళ్ల పెట్టెలో ఉంటే మీ రౌటర్‌ని నిశ్చింతగా రీసెట్ చేసుకోవచ్చు, పది నిమిషాల పని. మీ రౌటర్‌లో ఉంటే ఐడీ, పాస్‌వర్డ్ చేతిలో పెట్టుకునే నొక్కాలి. మాది ఈ రెండో రకం. ఆ ప్రశ్న కనెక్షన్ ఇచ్చిన రోజే నేను అడిగి ఉండాల్సింది.

నొక్కే పద్ధతి చెబుతాను. కరెంటు ఆన్‌లో ఉండగానే సిమ్ తీసే పిన్నుతో పది సెకన్లకు పైగా నొక్కి పట్టాలి, లైట్లన్నీ ఒక్కసారి మారగానే వదిలేయాలి. తర్వాత రెండు మూడు నిమిషాలు దాన్ని ముట్టుకోకూడదు, మధ్యలో ప్లగ్ పీకితే పెట్టె పాడైపోవచ్చు. కొన్ని టీపీ-లింక్ రౌటర్లలో డబ్ల్యూపీఎస్ (పాస్‌వర్డ్ కొట్టకుండా పరికరాన్ని కలిపే పద్ధతి), రీసెట్ రెండూ ఒకే బటన్. కాసేపు నొక్కితే ఒకటి, ఎక్కువసేపు నొక్కితే రెండోది. ప్రింటర్ కలుపుదామని డబ్ల్యూపీఎస్ నొక్కబోయి అంతా చెరిపేసుకోవడం ఇక్కడే జరుగుతుంది.

ప్లగ్ తీసి పెట్టడం రీసెట్ కాదు. అది రీస్టార్ట్, దాంతో ఏ పాస్‌వర్డూ పోదు, ఎన్నిసార్లయినా చేయొచ్చు. అలాగే పెట్టె మీద ఎల్‌ఓఎస్ అనే లైటు ఎర్రగా వెలుగుతుంటే ఫైబర్ సిగ్నల్ రావట్లేదని అర్థం. ఎక్కడో వైరు తెగి ఉంటుంది, లేదా పెట్టె దగ్గర ఊడి ఉంటుంది. ఆ ఎర్ర లైటు చూసి కంగారుపడి రీసెట్ నొక్కినవాళ్లకి వైరు బాగయ్యాక కూడా నెట్ రాదు.

రీసెట్ అయిపోయిందే అనుకోండి, అప్పుడు చాలా టెన్షన్ తగ్గించే పని ఒకటుంది. కొత్త పేరు, కొత్త పాస్‌వర్డ్ పెట్టకుండా పాత వైఫై పేరునీ పాత పాస్‌వర్డ్‌నీ ఒక్క అక్షరం తేడా లేకుండా, పెద్దక్షరం చిన్నక్షరంతో సహా మళ్లీ పెట్టండి. ఇంట్లోని ఫోన్లు, టీవీ, సీసీ కెమెరా అన్నీ వాటంతటవే వచ్చి కలుస్తాయి. రిమోట్‌తో టీవీలో పాస్‌వర్డ్ కొట్టడం ఎంత నరకమో కొట్టినవాళ్లకి తెలుసు. వేసవిలో పిడుగులకి పెట్టె కాలిపోయి కొత్తది తెచ్చి బిగించినప్పుడు కూడా ఇదే చేయండి. పాస్‌వర్డ్ బయటికి పొక్కిందని మార్చాలనుకున్నప్పుడు మాత్రం ఇది వద్దు, అప్పుడు అన్నిటికీ కొత్తది కొట్టుకోవాల్సిందే.

కొత్తది పెట్టేవాళ్లు ఎనిమిది అక్షరాలకి తగ్గకూడదు, అరవై మూడు దాకా పెట్టుకోవచ్చు. ఫోన్ నంబరు, పుట్టినరోజు వద్దు. ఇంట్లో అందరి నోటా ఉండే తెలుగు మాటలు, ఒకదానితో ఒకటి సంబంధం లేనివి మూడు తీసుకుని ఇంగ్లీషు అక్షరాల్లో కలిపి రాసి, మధ్యలో రెండు అంకెలు పెట్టండి. అయితే 'చ', 'త' లాంటి అక్షరాలున్న మాటలు వద్దు, ఒకరు 'హెచ్' పెట్టి రాస్తారు, ఇంకొకరు పెట్టకుండా రాస్తారు. సెక్యూరిటీ అనే చోట డబ్ల్యూపీఏ2 గానీ డబ్ల్యూపీఏ3 గానీ ఉండాలి. డబ్ల్యూఈపీ అని ఉంటే అది తేలిగ్గా ఛేదించగల పాత పద్ధతి, వెంటనే మార్చేయాలి.

పండక్కి చుట్టాలొచ్చే ఇంట్లో గెస్ట్ నెట్‌వర్క్ ఆన్ చేసుకోవడం నాకు అన్నిటికన్నా నచ్చింది. చాలా రౌటర్లలో ఉంటుంది. వచ్చినవాళ్లకి వేరే పేరు, తేలికైన వేరే పాస్‌వర్డ్. వాళ్లు వెళ్లాక దాన్ని ఆపేస్తే సరి, ఇంటి పాస్‌వర్డ్ మార్చే పనే ఉండదు.

బుధవారం పొద్దున్న నెట్ కుర్రాడు వచ్చాడు. సంచిలోంచి అట్ట చిరిగిన నోటుబుక్ తీసి, మా వీధి పేరున్న పేజీ తిప్పి, వేలు పెట్టి వరస చూసుకుంటూ మా ఐడీ దగ్గర ఆగాడు. దాన్ని నేను ఒక కాగితం మీద రాసుకున్నాను: లాగిన్ ఐడీ, దాని పాస్‌వర్డ్, వీలాన్ నంబరు, అడ్మిన్ పాస్‌వర్డ్, వైఫై పేరు, వైఫై పాస్‌వర్డ్, కుర్రాడి ఫోన్ నంబరు. మావయ్య ఊరికి బయల్దేరబోతూ ఆగి, కళ్లజోడు పెట్టుకుని, రౌటర్ స్టిక్కర్ ఫోటో నా ఫోన్‌లో తెరిపించి పక్కన పెట్టుకున్నారు. ఒక్కో అక్షరం పైకి చదువుతూ సరిచూశారు. సున్నాల మధ్య అడ్డగీత పెట్టమన్నారు. పెట్టాను. కాగితాన్ని రేషన్ కార్డున్న ఫైల్లో పెట్టి, అది ఎక్కడుందో మా ఆవిడకి చూపించాను.